లింబాయత్‌లో తడిసిన ఎడారి

ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని ఒక ప్రాణి మీ వల్ల చనిపోతే, మీరు ఎవరి ముందు నిలబడి ఒప్పుకుంటారు? దానికి బంధువులు లేరు. ఫిర్యాదు చేసేవారు లేరు. అసలు అది ఉండేదని తెలిసినవారే ఈ లోకంలో ముగ్గురో నలుగురో. 2021 ఫిబ్రవరిలో సూరత్ వెళ్ళి, పద్దెనిమిది రోజులు అక్కడ గడిపి వచ్చిన తరువాత ఈ ప్రశ్నను చమత్కారం కోసం వేసే అర్హత నేను కోల్పోయాను. అందుకే దీనిని ప్రశ్నగానే మీ ముందు ఉంచి, నా ప్రయాణం సంగతి చెబుతాను.

ఎందుకు వెళ్ళానంటే

నేను వరంగల్‌లో వృక్షశాస్త్ర పరిశోధక విద్యార్థినిని. కచ్ ఎడారి అంచున, ఉప్పు పేరుకున్న నేలలో, జానెడు ఎత్తు మించని ఒక గడ్డి పెరుగుతుంది. ఎండాకాలంలో చూస్తే అది చచ్చిందనే ఎవరైనా అనుకుంటారు. చావదు. ఎందుకు చావదన్నదే నా పరిశోధన. దాని వేరును సన్నగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, కణాల నడుమ నల్లని దారాల వంటివి కనిపిస్తాయి. అది ఒక శిలీంధ్రం. బూజు, పుట్టగొడుగు ఏ వంశానివో ఇదీ ఆ వంశానిదే. కాకపోతే ఇది వేరును తినదు, వేరుతో కాపురం చేస్తుంది.

మొదటిసారి తెచ్చిన వేర్ల నుంచి దానిని గాజు పళ్ళెంలో పెంచగలిగాను. దాని జన్యుక్రమం అప్పటికి తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. అయితే కొత్త జాతి అని ప్రకటించడానికి ఒక షరతు ఉంది. ఎండిన నమూనాను ఎవరైనా వచ్చి పరీక్షించుకోగలిగే భాండాగారంలో భద్రపరచాలి. వస్తువు లేని పేరు చెల్లదు. ఇది నాకు చాలా నచ్చిన నియమం. కళాశాల రోజుల్లో నేను వాదపోటీలకు వెళ్ళేదాన్ని; ఆధారం చూపనివాడి వాగ్ధాటికి మార్కులు వేయకూడదని అక్కడ నేర్చుకున్నాను.

ఆ నమూనాల కోసమే 2020 మార్చిలో రెండోసారి కచ్ వెళ్ళాను. తిరిగి వస్తుండగా దేశం మూతపడింది. రైళ్ళు ఆగిపోయి సూరత్‌లోని ఉధ్నా స్టేషన్‌లో చిక్కుకున్నాను. ఇంటికి ఫోన్ చేసి ఏడుస్తున్న నా తెలుగు విని, సత్తయ్య అనే మరమగ్గాల కార్మికుడు నన్ను తన ఇంటికి తీసుకువెళ్ళాడు. సిరిసిల్ల వైపు మనిషి. నలభై దాటి ఉంటాయి. ఆయనా, భార్య లక్ష్మీ లింబాయత్ అనే మగ్గాల పేటలో ఒక్క గదిలో ఉంటారు. ఆ గదిలోనే నన్ను దాదాపు రెండు నెలలు చెల్లెలిలా చూసుకున్నారు. మే నెలలో ఊళ్ళకు పోయే ప్రత్యేక రైలులో నాకు చోటు దొరికినప్పుడు, ఒక్క సంచి మాత్రమే వెంట తెచ్చుకోగలిగాను. వేర్లతో పెకలించిన ఎండు గడ్డి, మట్టి ఉన్న రేకు డబ్బాను వాళ్ళ దగ్గరే వదిలివచ్చాను.

వరంగల్ చేరేసరికి తాళం పడిన ప్రయోగశాలలో కరెంటు పోయి, నా గాజు పళ్ళేలన్నిటినీ పరాయి బూజు కమ్మేసి ఉంది. ఆ చలికాలంలో, కచ్‌లో నన్ను జీపులో తిప్పిన డ్రైవరు ఒక ఫొటో పంపాడు. గడ్డి ఉన్న చోట కంకర పరిచి రోడ్డు వేస్తున్నారు. ఇక మిగిలింది లింబాయత్‌లోని డబ్బా. అది బాగుంటే కొత్త జాతి ఉన్నట్టు. లేకపోతే నా దగ్గర ఉన్నది ఫొటోలు మాత్రమే.

రైలులో

మన రైళ్ళలో ఒక మర్యాద ఉండేది. టిఫిన్ డబ్బా మూత తీసినవారు ఎదుటి సీటువారిని "తింటారా?" అని అడగకుండా ముద్ద నోట పెట్టేవారు కాదు. ఆ ప్రయాణంలో నా ఎదుట కూర్చున్న సోలాపూర్ ఆయన భోజనం తెరవగానే కిటికీ వైపు తిరిగాడు. నేను నా పులిహోర తెరిచి ఇటు గోడ వైపు తిరిగాను. ఎవరి తప్పూ లేదు. అడగకపోవడమే అప్పటి మర్యాద. తిన్న తరువాత ఆయన మాస్కు సర్దుకుని హిందీలో అడిగాడు, "ఎవరైనా పోయారా?" అని. ఆ సంవత్సరం ఒంటరిగా ప్రయాణించేవారిని జనం అలాగే పలకరించేవారు. "లేదు, ఒక గడ్డి కోసం వెళుతున్నాను" అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, తన సంచిని కొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

లింబాయత్

సూరత్ స్టేషన్ బయట షేర్ ఆటోకు పది రూపాయలు ఉండేది, ఇరవై అయింది. ముగ్గురినే ఎక్కించుకోవాలి కనుక ఇరవై అన్నాడు డ్రైవరు. ఐదుగురిని ఎక్కించుకున్నాడు. లింబాయత్ సందుల్లో దారి మరిచిపోయినా మగ్గాల చప్పుడు దారి చూపుతుంది. పక్క ఇంటికి పోయేసరికి మరో చప్పుడు, మరో లయ.

లక్ష్మక్క తలుపు దగ్గర నన్ను గుర్తుపట్టలేదు.

"ఎవలు? పొద్దుగాలనే కరోనా సర్వేవోళ్లు అచ్చి పోయిన్రు గదా?"

మాస్కు దించాను.

"అయ్యో, నువ్వా చెల్లె! ఏందే, గిట్ల బక్కగైనవ్? మీ వరంగల్ల బియ్యం ఒడిసినయా ఏంది?"

లోపలి నుంచి సత్తెన్న గొంతు వచ్చింది. "లక్ష్మీ, జర చెల్లెను లోపటికి రానియ్యి. గాడనే నిలవెట్టి పంచనామా చేస్తున్నవా?"

జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. సూరత్‌లో పచ్చిపులుసు తింటూ, నేను తిన్న ప్రతి ముద్దకూ డబ్బా గురించే ఆలోచించానని ఒప్పుకోవాలి. చివరికి అడిగాను.

"నీ డబ్బానా? పానం లెక్క చూసుకున్నం" అన్నాడు సత్తెన్న. చేయి కడుక్కుని, నన్ను పక్కనే ఉన్న మగ్గాల షెడ్డులోకి తీసుకువెళ్ళాడు.

షెడ్డులో పన్నెండు మగ్గాలు ఆడుతున్నాయి. నేల తడిగా ఉంది. కిటికీలకు తడిపిన గోనెసంచులు వేలాడుతున్నాయి. గాలి పొడిబారితే దారం పీచు లేచి తెగుతుంది. అందుకే రోజూ పొద్దున మగ్గం నడిపే ముందు నేల మీద, గోనెల మీద నీళ్ళు చల్లుతారు. అది వాళ్ళ చేతికి ఊపిరంత అలవాటు. ఆ గోనెల కింద, గోడ అరమీద, నా రేకు డబ్బా ఉంది. దాని మూత తీసి ఉంది. పైన ఒక తడి గుడ్డ కప్పి ఉంది.

"ఎండకాలంల తెరిసి చూస్తే గడ్డి పట్టుకుంటనే ఇరుగుతున్నది చెల్లె. ఎండి సస్తదేమోనని భయమైంది. నువ్వు అంత దూరం పోయి తెచ్చుకున్నవాయె. ఇగ దినాం పొద్దుగాల దారానికి చల్లినట్టే దీనికింత చల్లిన. మగ్గాలు బందున్నప్పుడు గూడ, పోలీసోళ్లు కట్టె పట్టుకొని నిలవడ్డా, గీ ఎనక సందులకెళ్లి అచ్చి చల్లి పోయిన."

గుడ్డ తీశాను. కాగితపు కవర్ల మీద నా సిరా కరిగిపోయి నీలి మరక అయింది. వేర్ల మీద ఆకుపచ్చ బూజు, దాని మీద తెల్లది, దాని మీద నల్లది. మన వంటింట్లో రొట్టె మీద పట్టేవే. ఎడారి వాసన ఉండవలసిన డబ్బాలో వానాకాలపు గోడ వాసన వచ్చింది.

"గదే కాదు, గీడ చూడు" అంది లక్ష్మక్క. కిటికీ అంచున ఒక పాత రంగుల డబ్బా. అందులో నా మట్టి. ఆ మట్టిలో పచ్చని గడ్డి కుదురు. "డబ్బాల గింజలు రాలినయి. పెట్టిన. లేసింది. మేకలు లేకపాయె ఈడ, లేకుంటే నీ ఎడారంత మేసి పోయేటియి."

ఇద్దరూ నా ముఖంలోకి చూస్తున్నారు. ఆ మాటల్లో గర్వం ఉంది. ఆ గర్వానికి అర్హత కూడా ఉంది. నేను "చాలా మంచిగ చూసుకున్నరన్నా" అన్నాను. నా జీవితంలో నేను తెలిసి చెప్పిన అబద్ధాలలో అది ఒకటి.

ప్రయోగశాల

నగరంలోని ఒక కళాశాలవారు తమ ప్రయోగశాలలో ఒక బల్ల, దీపం, పళ్ళేలు నాకు అప్పు ఇచ్చారు. అక్కడ సహాయకురాలు జాగృతిబెన్. మగవారిని భాయ్, ఆడవారిని బెన్ అని పేరు చివర చేర్చి పిలవడం అక్కడి పద్ధతి. నన్ను మొదటి రోజే బెన్ చేశారు. మన దగ్గర కొత్తవాళ్ళను మేడమ్ అంటాం. వాళ్ళు తోబుట్టువు అంటారు. అయినా ఆరడుగుల దూరంలోనే నిలబడతారు.

డబ్బాలోని వేర్ల పై పొరను మందుతో కడిగి, లోపలి ముక్కలను పళ్ళేలలో పరిచాను. ఒకవేళ శిలీంధ్రం వేరు లోపల బతికి ఉంటే, నెమ్మదిగా బయటికి వస్తుంది. రంగుల డబ్బా గడ్డి వేర్లనూ పరిచాను. పాత మట్టిలో మొలిచిన గడ్డి కదా, పాత స్నేహితుడు అందులో చేరి ఉండవచ్చు. నాకు మిగిలిన ఆశ అదే.

"ఎన్ని రోజులు?" అని అడిగింది జాగృతిబెన్.

"రెండు వారాలు. అది తొందరపడదు."

"తొందరపడనివి ఈ ఊళ్ళో బతకవు బెన్" అంది నవ్వుతూ.

అమ్రోలి

తాపీ నదికి అవతల అమ్రోలిలో గది దొరికింది. సత్తెన్న ఇంట్లోనే ఉండమన్నాడు. ప్రయోగశాలకూ వాళ్ళ ఒంటి గదికీ మధ్య రోజూ తిరిగి వాళ్ళకేమైనా అంటిస్తానేమోనని నేనే వద్దన్నాను. ఇది నిజమైన కారణం. మరో నిజమైన కారణం, వాళ్ళ ముఖాలు చూడలేకపోవడం.

ఇంటి యజమానురాలు పొద్దునే మెట్ల మీద పాల గిన్నె పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోపే వెళ్ళిపోయేది. పన్నెండు రోజుల్లో ఆమె చేతిని తప్ప ముఖాన్ని చూడలేదు. కింద బండి మీద ఒకతను లోచో అమ్మేవాడు. సెనగపిండి ఆవిరిలో ఉడికి ఉడకనట్టుగా, పైన నూనె, సన్న కారప్పూస వేసి ముప్పై రూపాయలకు ఇస్తాడు. మన ఇంట్లో ఇడ్లీ అలా జారితే పిండి చెడిందని పారబోస్తారు. ఇక్కడ అలా జారడమే దాని గొప్ప. మొదటి రోజు పొరపాటున రెండు ప్లేట్లు అడిగాను. పంచుకోవడానికి మనిషి లేడని ప్లేట్లు చేతికి వచ్చాక గుర్తుకు వచ్చింది.

ఒక సాయంత్రం నది ఒడ్డున పోంక్ అమ్మే బండ్లు చూశాను. లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి దులిపిన పచ్చి గింజలు. అచ్చంగా మన ఊచబియ్యమే. మన దగ్గర చేను గట్టు మీద ఊరికే పెడతారు. ఇక్కడ తూకం వేసి, కారప్పూస కలిపి, పొట్లం కట్టి అమ్ముతారు. అమ్మే ముసలామె "ఏ దేశం?" అని అడిగింది. తెలంగాణ అంటే ఆమెకు అర్థం కాలేదు. "మగ్గాలవాళ్ళ దేశమా?" అంది. అవునన్నాను. ఆ పది రోజుల్లో నా గురించి ఎవరైనా అడిగిన ప్రశ్న అదొక్కటే కనుక, ఇంకో పొట్లం కొన్నాను.

మిగిలిన సమయమంతా పళ్ళేలను చూడటమే. డబ్బా వేర్ల పళ్ళేలు మూడు రోజుల్లోనే ఆకుపచ్చ బూజుతో నిండిపోయాయి. వాటిని తీసేశాం. గడ్డి వేర్ల పళ్ళేలు శుభ్రంగా, శూన్యంగా ఉన్నాయి. పదకొండో రోజు ఒక దానిలో, వేరు చివరన, నల్లని చుక్క కనిపించింది. రెండు రోజులు నేను తిన్నది, పడుకున్నది గుర్తులేదు. పదమూడో రోజుకు ఆ చుక్కపై బూజుకు విత్తనాల వంటి సిద్ధబీజాలు వచ్చాయి. జాగృతిబెన్ సూక్ష్మదర్శినిలో చూసి, తల పక్కకు తిప్పి, నన్ను చూడమంది. గొలుసుగా అల్లుకున్న బీజాలు. ప్రతి స్నానాల గది గోడ మీదా ఉండే నల్ల బూజు.

"మాఫ్ కర్నా బెన్, క్షమించు" అంది. తప్పు తనది కాదని నాకు తెలుసు, తనకూ తెలుసు. ఎవరో ఒకరు అనవలసిన మాట కనుక అంది.

గడ్డి బతికింది. దాని లోపలిది బతకలేదు.

ఫోన్‌లో

ఆ సాయంత్రం వరంగల్‌లో నా పరిశోధన పర్యవేక్షకునికి ఫోన్ చేశాను. ఆయన చెడ్డవారు కారు. ఆయన వాదనను న్యాయంగా చెప్పాలి. ఎదుటివారి పక్షాన్ని వారికన్నా బాగా చెప్పగలిగినప్పుడే ఖండించే హక్కు వస్తుందని మాకు నేర్పారు. ఆయన అన్నది ఇది: శిలీంధ్రం ఉండేది నిజం, ఫొటోలు నిజం, జన్యుక్రమం నిజం. కనుక బూజు పట్టని వేరు ముక్క ఒకటి అట్టకు అతికించి నమూనాగా దాచితే, మనం చెప్పేది అబద్ధం కాదు, ఆధారం మాత్రమే కొంచెం బలహీనం. "ఆ ముక్కలో అది ఉందో లేదో ఎవరు కోసి చూస్తారమ్మా? అలా చేయకపోతే మూడేళ్ళ కష్టం పోతుంది."

"ఎవరైనా కోసి చూడవచ్చు అన్న ఒక్క కారణం చేతనే కదా సార్, దానిని అక్కడ పెట్టమన్నారు" అన్నాను.

చివరికి ఆయన "సరే, వచ్చెయ్" అన్నారు. ఫోన్ పెట్టిన తరువాత నాకు కొంచెం గర్వంగానే అనిపించింది. సత్యం పక్షాన నిలబడ్డాననుకున్నాను. ఆ గర్వం మరుసటి రోజు మధ్యాహ్నం వరకే నిలిచింది.

మళ్ళీ లింబాయత్

నగరంలో కేసులు పెరుగుతున్నాయని, పార్కులు మళ్ళీ మూస్తున్నారని వినిపిస్తోంది. బయలుదేరే ముందు సత్తెన్నకు నిజం చెప్పాలనుకున్నాను. చెప్పకపోవడం దయ అవుతుందా అని నాతో నేను రెండు వైపులా వాదించుకుని, కాదని తేల్చుకున్నాను. షిఫ్టు మారే వేళ, మగ్గాలు ఆగినప్పుడు, షెడ్డు మెట్ల మీద కూర్చుని చెప్పాను. డబ్బాలో నేను వెతికింది గడ్డి కాదని, దాని వేరు లోపలి సన్నని ప్రాణి అని, ఎండలో బతికేదానికి తడి శత్రువని, అది పోయిందని.

లక్ష్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్తెన్న తన చేతులు చూసుకున్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం ఉంది. నేను సిద్ధపడి వచ్చింది ఏడుపుకు.

"చెల్లె, ఒక్కటడుగుతా. నువ్వు మా ఇంట్ల ఎన్ని దినాలున్నవ్?"

"దగ్గర దగ్గర రెండు నెలలు."

"రెండు నెలలు. గా రెండు నెలలల్ల మమ్ముల ఎన్ని అడిగినవ్? మగ్గం ఎట్ల నడుస్తది, మీటరుకు ఎంతిస్తరు, సేటు మంచోడా కాదా, ఊరికి ఎందుకు పోతలేరు. పుస్తకంల రాసుకున్నవ్ గూడ. ఒక్కనాడన్న డబ్బాల ఏమున్నదో చెప్పినవా?"

"మీద రాసిన గదన్నా, తెరవొద్దని."

"ఇంగ్లీషుల రాసినవ్."

ఆ గదిలో ఇంగ్లీషు చదివేవారు ఎవరూ లేరని రాసేటప్పుడు నాకు తెలుసు. చెబితే అర్థం కాదని అనుకున్నాను. కాదు, అలా అనుకున్నానని కూడా అప్పుడు నాకు తెలియదు. వాళ్ళు నా ప్రశ్నలకు జవాబు చెప్పవలసినవారని, నేను చెప్పేది వినవలసిన అవసరం లేనివారని నేను నిర్ణయించేశాను. అడగడమే నేర్చుకున్నదాన్ని, నన్ను ఎవరూ అడగరనుకున్నాను.

"మగ్గం పన్నె ఇనుముది" అన్నాడు సత్తెన్న, కొంచెం నెమ్మదించి. "దారం నడిమిట్లకెళ్లి పోయే దువ్వెన. వానకాలం తుప్పు పడితె బట్టంత ఖరాబు. గందుకే వాడని పన్నెను పెట్టెల పెట్టి, సున్నపురాయి మూట ఏసి, మూతకు మైనం పూస్తం. ఆరేండ్లయినా చుక్క చెమ్మ తగలది. పొడిగ ఉంచాలె అని ఒక్క మాట చెప్తే, నీ డబ్బాను గట్ల పెడుదుంటిని."

నీళ్ళు చల్లడం వచ్చిన ఆ చేతులకు పొడిగా దాచడం కూడా వచ్చు. ఏది చేయాలో తెలియడానికి ఒక్క వాక్యం కావాలి. ఆ వాక్యం నా దగ్గరే ఉండిపోయింది.

"ఊకో, పిల్ల ముఖం చూడు ఎట్లయిందో" అంది లక్ష్మక్క.

"ఏమన్నన్నే? తిట్టిన్నా? అడిగిన" అన్నాడాయన. కాసేపటికి, "ఇప్పుడన్న చెప్పు. మొదటికెళ్లి చెప్పు. ఎట్లుంటది అది?" అన్నాడు.

ఫోన్‌లో పాత ఫొటో తీశాను. వేరు అడ్డకోత, కణాల నడుమ నల్లని దారాలు. ఆయన రెండు వేళ్ళతో ఫొటోను పెద్దది చేసి, కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"పడుగా, పేకా?"

"అంటే?"

"గీ దారం నిలువుకున్నదా, అడ్డానికున్నదా?"

మూడేళ్ళు చూసిన ఫొటోను ఆ ప్రశ్నతో మళ్ళీ చూశాను. వేరు పొడవునా నడిచే దారాలు లావుగా ఉన్నాయి. వాటిని కలుపుతూ అడ్డంగా పోయేవి సన్నగా, గుచ్ఛాలుగా ఉన్నాయి. నా నోట్సులో నేను ఎక్కడా ఆ తేడా రాయలేదు. "రెండూ ఉన్నయన్నా" అన్నాను.

"అయితే నేసిందే" అన్నాడు. "లక్ష్మీ, ఇటు రా, చూడు. గడ్డి లోపట ఎవడో నేసిండు." ఆమె వచ్చి చూసి, "మన కంటె మంచిగనే నేసిండు. తెగిన పోగు ఒక్కటి లేదు" అంది.

సైరన్ మోగింది. ఆయన లేచి, బకెట్‌లో చెంబు ముంచి, నేల మీద నీళ్ళు చల్లుకుంటూ లోపలికి నడిచాడు. అర దగ్గర మాత్రం చేయి ఆగింది. అక్కడ డబ్బా లేదు.

తిరిగి వచ్చాక

ఆ శిలీంధ్రానికి పేరు లేదు. ప్రకటించలేదు, నమూనా లేకుండా ప్రకటించను. కచ్‌లో అదే గడ్డి మరెక్కడైనా ఉందేమో దారులు తెరిచాక వెతుకుతాను. దొరకకపోవచ్చు. నా సిద్ధాంత గ్రంథంలో ఒక అధ్యాయానికి బదులు ఒక పేరా ఉంది: నమూనా నశించింది, బాధ్యత నాది. నిలువు దారాలకూ అడ్డ దారాలకూ ఉన్న తేడాను మొదట గమనించినది సూరత్ మరమగ్గాల కార్మికుడు కె. సత్తయ్య అని కింద రాశాను. పరీక్షకులు దానిని కొట్టివేయమంటే ఎందుకో అడుగుతాను.

చదువుతున్న మిమ్మల్ని ఒక పని చేయమని కోరుతున్నాను. మీరు చేసే పని ఏదైనా సరే, పరిశోధన, లెక్కలు, వైద్యం, కంప్యూటరు, దాని బరువును మీకోసం మోస్తున్న మనిషి ఒకరు మీ ఇంట్లోనో మీ ఆఫీసులోనో ఉంటారు. మీ గది ఊడ్చేవారు, మీ పెట్టె దాచినవారు, మీరు రాత్రింబవళ్ళు ఏం చేస్తారో అడగడానికి మొహమాటపడేవారు. ఈ ఆదివారం వారి దగ్గర కూర్చోండి. మీ పని ఏమిటో, అందులో దేనివల్ల ఏది పాడవుతుందో, వారి భాషలో, వారి పని మాటల్లో చెప్పండి. చెప్పిన తరువాత వెంటనే లేవకండి. వారు ఏదో ఒకటి అడుగుతారు. అది విని రాసుకోండి.